కరేబియన్ దేశమైన హైతీలో ఇనుప బొమ్మలను పాత నూనె డ్రమ్ములతోనే ఎందుకు చేస్తారు?

ముఖ్యంగా, ఆ రేకు చవగ్గా దొరుకుతుంది కాబట్టి. క్రువా-దే-బూకే ఊళ్లో జార్జ్ లియోతో అనే కమ్మరి సమాధులకు ఇనుప శిలువలు చేసేవారు. 1950ల్లో అవి రాజధాని పోర్టో ప్రిన్స్‌లోని సాంత్ర్ దార్ (1944లో పెట్టిన కళాకేంద్రం) వాళ్ల కంట పడ్డాయి. అలా ఆయన బొమ్మల వైపు మళ్లారు. ఊరూ ఆ దారే పట్టింది.

పని మాత్రం ఒళ్లు హూనం చేసేదే. డ్రమ్ము మూత, అడుగు తీసేసి, లోపల ఎండుగడ్డి వేసి కాలుస్తారు. దాంతో అంటుకున్న నూనె, పెయింటు పోతాయి. నిలువునా కోసి, సుత్తితో బాది చదును చేస్తారు. సుద్దముక్కతో బొమ్మ గీసి, ఉలితో ఆ గీత వెంట కోసుకుంటూ పోతారు. ఎక్కువగా కనిపించేది లా సిరేన్, అంటే వోడూ (హైతీ ప్రజల సంప్రదాయ మతం) సముద్రదేవత: నడుము దాకా స్త్రీ, కింద చేప. పొలుసులు కూడా ఒక్కొక్కటీ ఉలి దెబ్బే!