చిట్టికి, పెద్దమ్మ రాస్తున్నది

మీ అమ్మ మోకాలికి రెండోసారి ఆపరేషన్ చేయిద్దామని సెలవు పెట్టి వస్తున్నావట. నువ్వు వస్తున్నావంటే మా చెల్లికి కొండంత ధైర్యం, నాకూ గర్వమే. కానీ తొందరపడకు. నొప్పి ఎందుకో తేలకుండా కోయిస్తే మళ్ళీ అదే నొప్పి మిగలొచ్చు.

మొదటి ఆపరేషన్‌లో మోకీలు మార్చి ఇంకా ఏడాది నిండలేదు. మోకీలు మార్పించుకున్న ఐదుగురిలో దాదాపు ఒకరికి నొప్పి మిగులుతూనే ఉంటుంది. గాటుకి బయటివైపు తిమ్మిరికి టెన్షన్ పడకు, కోతలో చిన్న నరం తెగడం వల్ల అది.

అడుగు వేయగానే పొడిచి, కూర్చుంటే తగ్గుతోందా? కీలు వదులైందేమో చూస్తారు. మెట్లు దిగేటప్పుడు ముందువైపైతే చిప్ప సంగతి. గజ్జల్లోనూ లాగుతుంటే తుంటికీ నడుముకీ ఎక్స్‌రే తీయించు. కదలకుండా పడుకున్నా సలుపుతుంటే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. నా భయమంతా దాని గురించే.

కీలు మార్పించుకున్నాక మీ పెదనాన్న మోకాలు వేడిగా ఉంటోందన్నప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ బిళ్ళలిచ్చాడు. తగ్గింది. ఆపగానే తిరగబెట్టింది, మళ్ళీ అవే బిళ్ళలు. పెద్ద డాక్టరు దగ్గరికెళ్తే కోస్తాడని ఈయన మొండికేశారు. ఒకరోజు పంచె మీద రూపాయి బిళ్ళంత పసుపు మరక. చూస్తే గాటు కింది కొసన సూదిమొనంత రంధ్రం, అందులోంచి చెమ్మ. కీల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపితే ఏ క్రిమీ పెరగలేదు. ఒంట్లో మందు ఉండగా ఎలా పెరుగుతుంది? క్రిమి ఏదో తెలియకపోతే ఏ మందు వేస్తారు? బిళ్ళలు ఆపి, రెండు వారాలాగి మళ్ళీ తీశాకే దొరికింది. చివరికి పెట్టిన కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, కొన్ని నెలలకి కొత్తది వేశారు. అన్నాళ్ళూ రాత్రిళ్ళు వాకర్ చప్పుడుకే మెలకువ వచ్చేది నాకు. తిట్టేదాన్ని, తిడుతూనే కాళ్ళు పట్టేదాన్ని.

అందుకే, నీరు తీసేదాకా డాక్టరు చెప్పనిదే ఒక్క యాంటీబయాటిక్ బిళ్ళా వేయనివ్వకు. జ్వరం, చలి వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ముందు ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించు. షుగరెంతో మీ అమ్మని అడగకు, చెప్పేది ఒకటి, ఉండేది ఒకటి. నువ్వే పరీక్ష చేయించు. అన్నీ సరిగ్గా ఉండి కారణం దొరక్కపోతే కత్తి జోలికి పోవద్దు, ఇంకో డాక్టరుకి చూపించు, వ్యాయామం మానిపించకు.

మొదటి ఆపరేషన్ ఫైలు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ఏ కంపెనీ కీలో, ఏ సైజో చెప్పే స్టిక్కర్లు అందులోనే ఉంటాయి. మర్చిపోకుండా పట్టుకెళ్ళు.

మీ పెద్దమ్మ