సగటు సరిపోయింది, తేడాలు తగ్గలేదు: ఎందుకు?

ప్రశ్న: పీసుల మందం కోసం ఉష్ణోగ్రత, ఒత్తిడి, వేగం ఒక్కోటి రెండు స్థాయుల్లో పెట్టి 8 రన్‌లు చేశాం, రన్‌కి 5 పీసులు కొలిచాం. సగటుని ఒత్తిడి ఒక్కటే మార్చింది. దాంతో సగటు లక్ష్యానికి తెచ్చాం, కానీ పీసుకీ పీసుకీ తేడా అలాగే ఉంది, రిజెక్షన్లు ఆగలేదు. ప్రయోగం వృథాయేనా?

జవాబు: వృథా కాదండీ. 40 కొలతల్ని 8 సగటులుగా కుదించి మిగతాది వదిలేశారు, మీకు కావలసింది అందులోనే ఉంది. ప్రతి రన్‌లోని 5 పీసులకి వేరియన్స్ (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య) లెక్కగట్టి, దాని లాగరిథమ్ తీసుకుని, దాన్నే కొత్త ఫలితంగా పెట్టి మళ్లీ అవే మూడు ఫ్యాక్టర్లతో విశ్లేషించండి. లాగ్ ఎందుకంటే, వేరియన్స్ అంకెలు ఎప్పుడూ పెద్ద విలువల వైపుకి సాగిపోయి ఉంటాయి, పైగా ఫ్యాక్టర్లు దాన్ని కూడికగా కన్నా రెట్లలో మార్చడమే ఎక్కువ. వేగం సగటుని కదపకపోయినా తేడాని పెంచుతుండొచ్చు, అలాంటి ఫ్యాక్టర్ దొరికితే నిజంగా అదృష్టమే, సగటు చెడకుండా తేడా తగ్గించుకోవచ్చు.

1953లో జపాన్‌లోని ఇనా టైల్ కంపెనీలో ఇలాగే తేడాని తగ్గించే ఫ్యాక్టర్ కోసం వెతికారు. బట్టీలో వేడి అంతటా సమానంగా లేక టైల్స్ సైజులు తేడాగా వస్తుంటే, బట్టీ మార్చకుండా మిశ్రమంలో సున్నం పాళ్లు పెంచి తేడా తగ్గించారు.

అయితే 5 పీసుల వేరియన్స్ చాలా ఊగుతుంది. కొలతలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో (గంట ఆకారంలో) ఉన్నాయనుకుంటే, ఒక ఫ్యాక్టర్ తక్కువ స్థాయిలో ఉన్న 4 రన్‌లని, ఎక్కువ స్థాయిలో ఉన్న 4 రన్‌లతో పోల్చినప్పుడు వేరియన్స్‌లో దాదాపు మూడు రెట్ల తేడా కనిపిస్తే తప్ప నమ్మకండి. సగటుకి, వేరియన్స్‌కి గ్రాఫ్ కూడా గీయండి, రెండూ కలిసి పెరుగుతుంటే అసలు కొలతలకే లాగ్ తీసుకుని మళ్లీ మొదలుపెట్టడం మేలు.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది: ఆ 5 పీసులు ఒకే సెట్టింగ్‌లో వరుసగా తీసినవా? అయితే అవి చెప్పేది ఆ కాసేపట్లో ఉన్న తేడా మాత్రమే, కొత్త బ్యాచ్ ముడిసరుకు వచ్చినప్పుడో, షిఫ్ట్ మారినప్పుడో వచ్చే తేడా అందులో లేదు. మీ రిజెక్షన్లు బ్యాచ్ మారినప్పుడే పెరుగుతుంటే, ఈసారి ప్రతి సెట్టింగ్‌నీ రెండు మూడు బ్యాచ్‌లతో, ప్రతిసారీ మెషిన్ మళ్లీ సెట్ చేసి, రన్‌ల వరుస కలగాపులగం చేసి నడపండి.