కొడుకు చదువు సరే, ఆ 6 లక్షల ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 49 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి 78 వేలు వస్తుంది. నా భార్య స్కూల్లో టీచర్, జీతం 15 వేలు. ఇంటి ఖర్చు 48 వేలు, చిట్టీకి 22 వేలు కడుతున్నాం. అబ్బాయి సీఈసీ పూర్తిచేశాడు, జిల్లా స్థాయి కబడ్డీ ఆడాడు. మెల్‌బోర్న్‌లో స్పోర్ట్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్‌తో మూడేళ్ల బిజినెస్ డిగ్రీకి ఆఫర్ లెటర్ వచ్చింది. ఫీజు ఏడాదికి 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇంటి మీద బ్యాంకు రుణం 45 లక్షలు, బంగారం మీద 12 లక్షలు, చిట్టీ పాడితే 10 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలు అనుకుంటున్నాం. వీసా కోసం ఖాతాలో చూపడానికి స్నేహితుడు రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు ఇస్తానన్నాడు. అక్కడి ఖర్చులు పార్ట్‌టైమ్‌తో వెళ్లిపోతాయని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం, ఇలాంటి ప్లాన్ నెలకు రెండు మూడు నా టేబుల్ మీదికి వస్తోంది. దేశం మారుతుంది, కోర్సు మారుతుంది, లెక్క మాత్రం ఒకేలా ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి రూపాయినీ కూడగట్టి, చాలనిదానికి అప్పు రాసి, అడుగున సున్నా వచ్చేదాకా తీసుకొస్తారు. ఆ సున్నా చూసి ‘లెక్క సరిపోయింది’ అనుకుంటారు. నాకు భయం వేసేది ఆ సున్నాతోనే.

ముందు రెండు రూపాయల వడ్డీ సంగతి తేల్చేద్దాం. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. నెలకు 16 వేలు. అదీ ఖాతాలో ఊరికే పడుకోబెట్టే డబ్బుకు! ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు 2024 మే నుంచి ఏడాది జీవన వ్యయం కింద 29,710 డాలర్లు చూపాలి. దానికి మొదటి ఏడాది ఫీజు, విమాన ఛార్జీ కలిపితే 72 వేల డాలర్లకు కాస్త తక్కువ. డాలరు 60 రూపాయలు అనుకుంటే 43 లక్షలు. ఆధారంగా బ్యాంకు విద్యా రుణాన్ని కూడా చూపొచ్చు. మీరు అడుగుతున్నదే 45 లక్షలు. మరి ఈ 8 లక్షలు ఎందుకు? కన్సల్టెన్సీని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. పైగా ఆ డబ్బు నిజంగా మీ చేతిలో వాడుకోవడానికి ఉందా లేదా అనేది వీసా అధికారులు చూస్తారు. నిన్న వచ్చి రేపు పోయే డబ్బు వాళ్లకు కొత్త కాదు. ‘అడ్జస్ట్ చేస్తాం’ అని ఎవరైనా తప్పుడు పత్రాలు పెట్టిస్తే వీసా పోవడమే కాదు, మూడేళ్ల నిషేధం పడొచ్చు. వీసా ఫీజే 2025 జులై నుంచి 2,000 డాలర్లు. తిరస్కరించినా వెనక్కి ఇవ్వరు.

ఇప్పుడు మీ నెల లెక్క. ఇద్దరి జీతాలు 93 వేలు. ఇంటి ఖర్చు, చిట్టీ పోగా 23 వేలు మిగులుతున్నాయి. స్నేహితుడి వడ్డీ 16 వేలు, బంగారం వడ్డీ సుమారు 9,500. అంటే మీవాడు విమానం ఎక్కిన నెల నుంచే మీ ఇంట్లో రెండున్నర వేలు తక్కువ పడతాయి. బ్యాంకు ఈఎంఐ ఇంకా మొదలే కాలేదు.

అది మొదలయ్యాక చూడండి. ఏటా 15 లక్షల చొప్పున మూడు విడతల్లో తీసుకుని, చదువు మూడేళ్లు, ఆ తర్వాత ఏడాది మారటోరియం (ఈఎంఐ కట్టకుండా ఇచ్చే గడువు) వాడుకుంటే, పదిన్నర శాతం వడ్డీతో కట్టడం మొదలుపెట్టేనాటికి 45 లక్షలు కాస్తా 59 లక్షలు అవుతాయి. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 80 వేలు. ఇవాళ్టి మీ జీతం కంటే ఎక్కువ! పదిహేనేళ్లకు సాగదీస్తే 65 వేలు, కానీ అప్పటికి మీకు 68 ఏళ్లు వస్తాయి. తాకట్టులో ఉన్నది మీరు ఉంటున్న ఇల్లు. ఆదాయపు పన్నులో విద్యా రుణం వడ్డీకి మినహాయింపు ఉందని సంబరపడకండి. పాత పన్ను విధానంలో ఉంటేనే అది వర్తిస్తుంది. బంగారం అప్పుకు, స్నేహితుడికి ప్రామిసరీ నోటు రాసి తెచ్చే అప్పుకు ఎలాగూ రాదు.

చిట్టీ కూడా 10 లక్షలుగా రాశారు. పాటలో తగ్గించేది, ఫోర్‌మన్ కమీషన్ పోగా ఎంత చేతికొస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ పది వేశారంటే, లెక్క ఎలాగైనా కుదరాలన్న ఆత్రమే కనిపిస్తోంది.

ఇక ఎఫ్‌డీ. మీ ఉత్తరంలో ఒక్క పదంలో దాటేసిన ఆ 6 లక్షల గురించే నేను ఎక్కువ మాట్లాడాలి. ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి మీకు నెలకు 70 వేలు తప్పనిసరి. ప్రైవేటు ఉద్యోగం, 49 ఏళ్ల వయసు. ఈ వయసులో ఉద్యోగం పోతే మళ్లీ అదే జీతానికి చేరడానికి ఆరు నెలలు చాలకపోవచ్చు, అందుకే నేను తొమ్మిది నెలలు వేస్తాను. 6 లక్షల 30 వేలు. అంటే మీ ఎఫ్‌డీ ఏ అప్పూ లేని ఇవాళ్టి జీవితానికే బొటాబొటీ! కొడుకు పరాయి దేశంలో ఉంటే దానికి అతని ఆరు నెలల జీవన వ్యయం చేర్చాలి. వీసా లెక్క ప్రకారమే అది సుమారు 9 లక్షలు. మొత్తం 15 లక్షల అత్యవసర నిధి ఉండాల్సిన ఇంటిని మీరు సున్నాకు తెస్తున్నారు.

‘అంత అవసరం ఏమొస్తుంది సార్’ అని 2020 జనవరిలో ఒకాయన నన్ను అడిగారు. కూతురు ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదవడానికి విదేశం వెళ్లింది. మార్చిలో ఈవెంట్లు ఆగాయి, అమ్మాయి పార్ట్‌టైమ్ ఆగింది, ఏప్రిల్‌లో ఆయన జీతం సగమైంది. ఊరి పక్క ప్లాటును అడిగినవాడికి అడిగిన ధరకే ఇచ్చేశారు. ఆ ప్లాటు ముందు నుంచి వెళ్లాల్సివస్తే ఇప్పటికీ వేరే దారిలో పోతారు.

స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌కు నిధి ఇంకా ఎక్కువ ఎందుకు కావాలో కూడా చెబుతాను. చదువు మంచిదే. స్పాన్సర్‌షిప్, టికెటింగ్, స్టేడియం నిర్వహణ, ఆటగాళ్ల ఒప్పందాలు... ఇవన్నీ తెలిసినవాళ్లు మనకు తక్కువ. కానీ ఈ రంగంలో ఉద్యోగం చాలాసార్లు ఒక సీజన్‌కో, ఒక ఒప్పందానికో కట్టుబడి ఉంటుంది. ఒప్పందం ఆగితే జీతం ఆగుతుంది. 2025 జులైలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ సీజన్‌ను పక్కనపెట్టేశారు. ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో ఉన్న వాణిజ్య హక్కుల ఒప్పందం పొడిగింపు తేలకపోవడమే కారణం. ఆగస్టులో ఆ లీగ్‌లో ఆడే బెంగళూరు ఎఫ్‌సీ తన ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. అదే ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను పార్లమెంటు చట్టంతో నిషేధించింది. డబ్బు కట్టి ఊహాజట్టు కూర్చుకునే ఫాంటసీ క్రికెట్ కంపెనీల ప్రధాన ఆదాయం రాత్రికి రాత్రే పోయింది, టీమిండియా జెర్సీ మీద అలాంటి కంపెనీ డ్రీమ్11 పేరూ పోయింది. ఇలాంటి డిగ్రీ ఉన్న కుర్రాళ్లు చేరే చోట్లలో అవీ ఉండేవి.

అంతదూరం ఎందుకు, హైదరాబాద్‌లోనే చూశాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తాయి. 2024 రేసు నెల రోజుల ముందు రద్దయింది. మీవాడు వెళ్తానంటున్న మెల్‌బోర్న్ సంగతీ అంతే. 2026 కామన్‌వెల్త్ క్రీడలు ఆ నగరం ఉన్న విక్టోరియా రాష్ట్రంలో జరగాల్సింది. ఖర్చు పెరిగిపోతోందని 2023 జులైలో అక్కడి ప్రభుత్వమే వద్దనేసింది, అవి గ్లాస్గోకు వెళ్లాయి. 2030 క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లో జరుగుతాయి, కాబట్టి అవకాశాలు లేవని అనడం లేదు. వచ్చే ఉద్యోగానికీ పోయే ఉద్యోగానికీ మధ్య నాలుగైదు నెలలు ఖాళీ ఉంటుందని మాత్రం రాసిపెట్టుకోండి. ఆ ఖాళీకి ఈఎంఐ ఆగదు.

పార్ట్‌టైమ్ గురించి ఒక మాట. కాలేజీ నడిచే రోజుల్లో పదిహేను రోజులకు 48 గంటలే పనిచేయాలి. కనీస వేతనం 2025 జులైలోనే గంటకు 24.95 డాలర్లు అయింది కాబట్టి కాగితం మీద జీవన వ్యయం వెళ్లిపోయినట్టే ఉంటుంది. కానీ ఈ కోర్సులో అసలు విలువ మ్యాచ్‌ల దగ్గర, క్లబ్‌ల దగ్గర చేసే ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా చేసే పని శిక్షణ), వాలంటీర్ పనిలో ఉంది. అది చాలావరకు జీతం లేనిదే. మ్యాచ్‌లు ఎప్పుడు జరుగుతాయి? శని, ఆదివారాలు, సాయంత్రాలు. రెస్టారెంట్లు మనిషిని పిలిచేదీ అప్పుడే. డబ్బు కోసం రెస్టారెంట్‌కే వెళ్తే, డిగ్రీ చేతిలో ఉంటుంది కానీ ఏ క్లబ్‌లోనూ అతని పేరు తెలిసినవాళ్లు ఉండరు. ఈ రంగంలో ఉద్యోగాలు తెలిసినవాళ్ల ద్వారానే ఎక్కువ దొరుకుతాయి. నెల ఖర్చుకు దిక్కులేని కుర్రాడు మ్యాచ్ రోజున ఉచితంగా పనిచేయలేడు. అతని చేతిలో ఉండే నిధి ఆ రకంగా చదువు ఖర్చులో భాగమే.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. 45 లక్షల అప్పు మీద సంతకం చేసే మనిషికి టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేకపోతే, జరగరానిది జరిగినప్పుడు ఇల్లు బ్యాంకుకు, స్నేహితుడి నోటు అప్పు మీ భార్యకు మిగులుతాయి. అప్పు తీసుకున్నా మానుకున్నా ఇద్దరు పిల్లల తండ్రిగా కోటి రూపాయల టర్మ్ కవర్ ఈ నెలలోనే తీసుకోండి. రుణంతో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీ చాలదు. దాని ప్రీమియం కూడా చాలాసార్లు అప్పులోనే కలిపేస్తారు. కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఒకటి కావాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ రెండు రకాల వ్యక్తిగత పాలసీలకూ జీఎస్టీ లేదు, ఆ సాకు కూడా పోయింది.

అబ్బాయి ఆశ ఏమవ్వాలి అంటారా? హైదరాబాద్‌లో బీబీఏ గానీ బీకాం గానీ చేయించండి. కబడ్డీ ఆడిన కుర్రాడు కాబట్టి ప్రొ కబడ్డీ వైపు, ఉప్పల్, గచ్చిబౌలిలో జరిగే టోర్నీల వైపు వాలంటీర్‌గా తిరగమనండి. అప్పటికీ మనసు అదే అయితే పీజీకి బ్రిటన్‌లోని లఫ్‌బరో లాంటి యూనివర్సిటీలో ఏడాది కోర్సు, లేదా కోల్‌కతాలోని మేనేజ్‌మెంట్ సంస్థ ఐఐఎస్‌డబ్ల్యూబీఎంలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉన్నాయి. ఈలోగా చిట్టీ పాడకుండా చివరిదాకా ఉంచండి, మిగిలే 23 వేలతో నిధిని 6 నుంచి 10 లక్షలకు తీసుకెళ్లండి. బంగారం ముట్టుకోవద్దు, అమ్మాయి ఇంటర్ ఫీజులు అప్పటికి ఎదురుగా ఉంటాయి. పీజీకి 20 లక్షలు అప్పు చేయాల్సివచ్చినా పదేళ్ల ఈఎంఐ 27 వేలు. అది మోయగలిగిన బరువు.

మెల్‌బోర్న్ ఆఫర్‌ను వాయిదా వేసుకునే వీలుందేమో యూనివర్సిటీకే నేరుగా మెయిల్ రాసి అడగండి, కన్సల్టెన్సీ ద్వారా కాదు. స్నేహితుడికి ప్రామిసరీ నోటు ఇంకా రాసివ్వకపోతే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఇప్పటికే రాసిచ్చి ఉంటే, ఆ 8 లక్షలను ఎక్కడికీ కదిలించకుండా ఈ వారంలోనే తిరిగిచ్చేసి నోటు వెనక్కి తీసుకోండి.