విజ్ఞానమా, శాస్త్రమా?

సందేహం: మా అమ్మాయి పాఠంలో 'ఆధునిక విజ్ఞానశాస్త్రం యూరప్‌లో పుట్టింది' అని ఉంది. విజ్ఞానమన్నా శాస్త్రమన్నా ఒకటే కదా? ఒక్కటే వాడాలంటే ఏది సరి? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఒకటి కాదమ్మా. 'శాస్' ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం, దండించడం అని అర్థాలు. శాసనం, శిష్యుడు, 'తగిన శాస్తి జరిగింది' అనేటప్పటి శాస్తి, అన్నీ అందులోంచి వచ్చినవే. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని శాసించేది శాస్త్రం. 'ఏదో శాస్త్రానికి చేశాం' అంటే తతంగం కోసమని. సామెతను శాస్త్రమనడం కూడా మన పల్లెల్లో ఉంది.

విజ్ఞానం సంగతి వేరు. 'మోక్షే ధీర్‌జ్ఞానమన్యత్ర విజ్ఞానం శిల్పశాస్త్రయోః' అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. మోక్షం మీది బుద్ధి జ్ఞానం, శిల్పంలోనూ శాస్త్రంలోనూ కలిగేది విజ్ఞానం. శిల్పమంటే రాతిబొమ్మలే కాదు, నేర్పుతో చేసే చేతిపని ఏదైనా. అమరుడు దాన్ని శాస్త్రం కన్నా ముందు పెట్టాడు. ఛందస్సు కోసమే కావచ్చు, నాకు మాత్రం ఆ వరస ఎంతో ఇష్టం.

ఎందుకంటే మీ అమ్మాయి పాఠంలోని సంగతి సరిగ్గా అదే, చేతిపని ముందుకు రావడం. పదహారో శతాబ్దం మొదట్లో యూరప్ వైద్య విద్యాలయాల్లో ఆచార్యుడు ఎత్తుపీట మీద కూర్చుని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథం చదివేవాడు, కింద మంగలి శవాన్ని కోసేవాడు. ఇటలీలోని పాదువాలో వెసాలియస్ అనే ఆచార్యుడు పీట దిగి కత్తి తానే పట్టాడు. కింది దవడ రెండెముకలని గాలెన్ రాశాడు. వెసాలియస్ చూస్తే ఒక్కటే! గాలెన్ కోసి చూసినవి ఎక్కువగా కోతులు, పశువులు. 1543లో వెసాలియస్ అలాంటి తప్పులను దిద్దుతూ బొమ్మలతో సహా పుస్తకం అచ్చువేయించాడు. లండన్‌లో రాబర్ట్ నార్మన్ అనే మాజీ నావికుడు దిక్సూచులు చేసేవాడు. అయస్కాంతం రుద్దిన సూది ఒక కొస కిందికి వాలుతోందని గమనించి 1581లో పుస్తకం రాశాడు. దాన్ని అందుకుని గిల్బర్ట్ అనే వైద్యుడు 1600లో భూమే పెద్ద అయస్కాంతమన్నాడు. గెలీలియో 1638 నాటి గ్రంథం వెనిస్ ఓడల కార్ఖానా పనివాళ్ల ప్రస్తావనతోనే మొదలవుతుంది. 1660లో లండన్‌లో పుట్టిన విజ్ఞానుల సంఘం రాయల్ సొసైటీ 'ఎవరి మాటా ప్రమాణం కాదు' అన్న అర్థం వచ్చే లాటిన్ వాక్యాన్ని నినాదంగా పెట్టుకుంది. మన తార్కికుల పరిభాషలో చెబితే, శబ్దప్రమాణాన్ని, అంటే పెద్దల మాటను, దించి ప్రత్యక్షాన్ని, అంటే కళ్లారా చూసినదాన్ని, కూర్చోబెట్టారు. కోపర్నికస్‌ది ప్రధానంగా లెక్కల దారి, నిజమే. అయినా శిల్పం శాస్త్రాన్ని కలుసుకోకుండా ఈ విద్య ఇంత ఎదిగేది కాదని నా నమ్మకం.

1906లో హైదరాబాదులో తెలుగు పుస్తకాల ప్రచురణకు సంస్థ పెడుతూ కొమర్రాజు లక్ష్మణరావుగారూ ఆయన మిత్రులూ దానికి 'విజ్ఞాన చంద్రికా మండలి' అని పేరు పెట్టారు. ఎంత చక్కని ఎంపిక! ఇప్పుడేమో ప్రతి తలనూనె సీసా మీదా 'శాస్త్రీయంగా నిరూపితం'. శాస్త్రీయమంటే శాస్త్రంలో చెప్పినది అని అర్థం. చెప్పడం వేరు, నిరూపించడం వేరు. రాసేవాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించరెందుకు?

నన్నడిగితే 'ఆధునిక విజ్ఞానం' మేలు. అలాగని భౌతికశాస్త్రాన్ని, శాస్త్రవేత్తను ఇప్పుడు కదిలించలేం, అక్కర్లేదు కూడా. విజ్ఞానాన్ని బోధించే శాస్త్రమని సమాసానికి విగ్రహవాక్యం చెప్పుకుంటే 'విజ్ఞానశాస్త్రం' కూడా తప్పు కాదు. పరీక్షలో మాత్రం అమ్మాయిని పాఠంలో ఉన్నట్టే రాయమనండి.