చర్మం నుంచి వచ్చిన మూలకణాలు నకిలీవా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు అన్నారు. సందె వాలితే వాకిట్లో మెట్టు కూడా కనబడదు వాడికి. ఒక క్లినిక్ వాళ్లు వాడి పొట్ట కొవ్వులోంచే మూలకణాలు తీసి రెండు కళ్లలోకీ ఇంజెక్షన్ ఇస్తాం, మూడు లక్షలవుతుంది అంటున్నారు. మా మరిది మాత్రం పిండం నుంచి తీసేవే అసలైన మూలకణాలు, చర్మంతో తయారుచేసేవి నకిలీవి అంటాడు. పిండం అనే మాట వినగానే మా అత్తగారు అది పాపం అంటున్నారు. ఏది మంచిదో చెప్పండి మేడమ్.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ మూడు లక్షలు కట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ మరిది అన్న మాట నుంచి మొదలుపెడతాను. మూలకణాలంటే శరీరంలో వేరే రకాల కణాలుగా మారగల కణాలు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్ల పాటు నేను చేసిన పని ఈ కణాలను పెంచడమే. పిండం నుంచి వచ్చినవీ పెంచాను, చర్మం నుంచి తయారైనవీ పెంచాను. రెండిటికీ రోజూ మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చాలి, సంక్రాంతి రోజైనా సరే. మైక్రోస్కోప్‌లో చూస్తే పెనం మీద పోసిన చిట్టి అట్లలా గుండ్రంగా, అంచు నున్నగా కనిపిస్తాయి. అంచు చెదిరిందంటే అక్కడి కణాలు వేరే రకంగా మారిపోతున్నాయని అర్థం. ఆ ముక్కను పిపెట్ కొనతో గీకి తీసేసేవాళ్లం. ఒకరోజు స్పిరిట్‌తో తుడుస్తుంటే రెండు ప్లేట్ల మీద మార్కర్‌తో రాసిన పేర్లు చెరిగిపోయాయి. ఒకటి పిండానిది, ఒకటి చర్మానిది. గంటసేపు చూశాను, ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. చివరికి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే గానీ తేలలేదు. నకిలీ అనే మాట నేను ఒప్పుకోకపోవడానికి ఆ గంట ఒక కారణం.

మనిషి పిండ మూలకణాలను మొదట వేరుచేసింది 1998లో, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్. ఐవీఎఫ్‌లో (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సలో) మిగిలిపోయి, దంపతులు రాతపూర్వకంగా ఇచ్చిన పిండాల నుంచి తీశారు. అప్పటికి వాటి వయసు అయిదారు రోజులు. ఇక చర్మం సంగతి. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన షిన్యా యమనాక 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో మామూలు చర్మకణాలను మూలకణాల్లా మార్చి చూపారు. 36 ఏళ్ల మహిళ ముఖచర్మపు కణాల్లోకి నాలుగు జన్యువులు పంపితే, అవి పిండ దశలోని కణాల్లా మారాయి. వీటినే ఐపీఎస్ కణాలంటారు. యాభై వేల కణాలు వేస్తే దక్కినవి పది కాలనీలు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అయితే మొదట్లో అనుమానాలు గట్టిగానే ఉండేవి. ఆ నాలుగు జన్యువుల్లో సి-మిక్ అనేది క్యాన్సర్‌తో సంబంధమున్నది. కొన్ని ఐపీఎస్ కణాలకు తమ పాత బతుకు గుర్తులు కూడా కొంత మిగిలేవి. రక్తం నుంచి వచ్చినవి మళ్లీ రక్తకణాలుగా మారడానికే మొగ్గేవి. కానీ ఐపీఎస్ కణాలను పిండ మూలకణాలతో పోల్చిన ఆ పోలికల్లోనే ఒక లోపం ఉంది. రామయ్య కణాన్ని సోమయ్య కణంతో పోలుస్తున్నారు. ఇద్దరు మనుషుల మధ్య తేడా ఎలాగూ ఉంటుంది కదా! 2015లో ఒక బృందం ఆ చిక్కు విప్పింది. పిండ మూలకణాల నుంచే చర్మకణాల్లాంటివి పుట్టించి, వాటిని మళ్లీ ఐపీఎస్ కణాలుగా మార్చి, మొదటి పిండ మూలకణాలతోనే పోల్చారు. జన్యువులు ఒకటే అయ్యేసరికి తేడా దాదాపు మాయమైంది. ప్రమాదం కూడా రెండిటికీ ఉమ్మడిదే. మారకుండా మిగిలిన కణం ఏ ఒక్కటి శరీరంలోకి వెళ్లినా గడ్డ కట్టవచ్చు. అందుకే ఏ రకమైనా నేరుగా ఎక్కించరు. ముందు కావలసిన కణంగా మార్చాకే వాడతారు.

మీ అబ్బాయి విషయంలో ముఖ్యమైనది ఇంకొకటుంది. వాడి జబ్బు జన్యువులోంచి వచ్చినది. వాడి చర్మంతో ఐపీఎస్ కణాలు చేస్తే అదే తప్పు వాటిలోనూ ఉంటుంది. సొంత కణమైతే శరీరం తిప్పికొట్టదనే లాభం నిజమే గానీ, ముందు ఆ తప్పును దిద్దాలి. జపాన్‌లోని కోబెలో 2014లో 77 ఏళ్ల ఆవిడకు, ఆవిడ చర్మం నుంచే తయారుచేసిన, రెటీనా (కంటి లోపల వెలుతురును పట్టే పొర) కింద ఉండే పొరను అమర్చారు. ఆవిడది వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు. ఏడాది తర్వాత చూపు పెరగలేదు, తగ్గలేదు. రెండో రోగి కణాల్లో జన్యుమార్పులు కనబడితే, అమర్చకుండా ఆపేశారు. అలా ఆపినందుకే నాకు వాళ్ల మీద గౌరవం.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్. పొట్ట కొవ్వు కణాలు పైరెండింటిలో ఏ రకమూ కావు. అవి రెటీనాగా మారతాయని ఎవరూ నిరూపించలేదు. అమెరికాలో ఇలాగే డబ్బు తీసుకుని, ఒకే రోజు రెండు కళ్లలోకీ ఎక్కిస్తే ముగ్గురు మహిళల చూపు ఘోరంగా దెబ్బతింది. 2017లో వైద్య పత్రికలో వచ్చిన ఈ కేసు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు కూడా, కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మూలకణాలను ట్రయల్ (రోగుల మీద చేసే అనుమతి పొందిన పరిశోధన) బయట వాడకూడదనే చెబుతున్నాయి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మూడు లక్షలు అడిగారంటేనే అది ట్రయల్ కాదన్నమాట.

మీ అత్తగారి బాధను నేను కొట్టిపారేయను. స్నేహితుడి క్లినిక్‌లో మైక్రోస్కోప్ కింద పిండాన్ని చూసినప్పుడు యమనాకకు తన కూతుళ్లే గుర్తొచ్చారట. పిండం జోలికి పోకుండా వేరే దారి వెతకడానికి అదీ ఒక కారణమని ఆయనే చెప్పారు. ఈ మాట ఆవిడకు చెప్పండి.

ఈలోగా అబ్బాయికి జన్యుపరీక్ష చేయించండి. లోపముంటే ఈ జబ్బు తెచ్చే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఆర్‌పీఈ65 అనేదాని లోపానికి మాత్రం అమెరికాలో 2017లోనే జన్యుచికిత్సకు అనుమతి వచ్చింది. రిపోర్టులో ఏ జన్యువు పేరు ఉందో నాకు రాయండి.