హోస్ ఎక్కడ రాసుకుంటోందో ముందు చూడు

నాయనా, ఆశీస్సులు.

ఈ శీతాకాలం నుంచి మంచు తొలగించే బండి నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. ఇంజను సంగతి నీకు చెప్పనక్కర్లేదు. నా బెంగంతా మంచు నెట్టే బ్లేడ్‌ను కదిలించే ఆయిల్‌ను ఒత్తిడితో మోసుకెళ్లే రబ్బరు గొట్టాలు, అదే హైడ్రాలిక్ హోస్‌ల మీదే.

హోస్ ఉన్నట్టుండి పగిలినట్టు కనిపిస్తుంది గానీ, చాలాసార్లు దాని చావు వారాల ముందే మొదలవుతుంది. పై రబ్బరు ఎక్కడో రాసుకుని అరిగి, లోపలి ఉక్కు తీగల అల్లిక బయటపడుతుంది. ఒత్తిడిని మోసేది ఆ అల్లికే. రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్లలో కలిసి దాన్ని తుప్పు పట్టిస్తుంది. తీగ కనిపించిందా, ఆ హోస్‌ను మార్చెయ్యి. టేపు చుట్టి మరో రాత్రి నడుపుదామనుకోకు.

నిలిపి ఉంచిన బండిలో ఈ రాపిడి బయటపడదు. మంచు పడకముందే ఒకరిని సీట్లో కూర్చోబెట్టి బ్లేడ్‌ను నెమ్మదిగా పూర్తిగా ఎత్తించు, దించు, ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పించు. నువ్వు బ్లేడ్‌కు దూరంగా, పక్కన నిలబడి హోస్ ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ నలుగుతోందో చూడు. అనుమానం వచ్చిన ఫ్రేము అంచుకు, ఇంజను ఆపి, సుద్దముక్క బాగా రుద్దు. కాసేపు పని చేయించాక హోస్ మీద తెల్లటి చార కనిపిస్తే రాపిడి చోటు దొరికినట్టే. అక్కడ నైలాన్ తొడుగు వెయ్యి. అంతకన్నా మేలు, హోస్ దారినే మార్చి సరైన సైజు క్లాంప్‌తో పట్టించడం. వదులు క్లాంప్ ఉండీ లేనట్టే. ఒత్తిడి కొట్టినప్పుడల్లా హోస్ అందులో జరుగుతూ అరుగుతుంది.

బిగించేటప్పుడు నిడివి చూసుకో. ఒత్తిడి ఎక్కితే హోస్ నూటికి నాలుగు వంతుల దాకా కురచవ్వచ్చు, అంటే మీటరుకు 4 సెంటీమీటర్లు. ఆ వదులు ఉంచకపోతే ఫిట్టింగ్ దగ్గర, అంటే హోస్ చివర బిగించే లోహపు ముక్క దగ్గర, లాగుతుంది. హోస్ మీద అచ్చువేసిన గీత చివరిదాకా తిన్నగా ఉండాలి. మెలి తిరిగిందంటే విప్పి మళ్లీ బిగించు. ఫిట్టింగ్ మెడ దగ్గరే హోస్‌ను వంచాల్సి వస్తే మూల ఫిట్టింగ్, అంటే ముందే వంపు ఉన్నది, వాడు.

గట్టి చలిలో ఆయిల్ చిక్కబడుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. స్టార్ట్ చెయ్యగానే బ్లేడ్‌ను విసురుగా ఎత్తకు. ఇంజను కాసేపు నడవనిచ్చి, నెమ్మదిగా రెండు మూడుసార్లు కదిలించు. హోస్‌ల మధ్య గడ్డకట్టిన మంచు రంపంలా కోస్తుంది. దాన్ని ఇనుప కడ్డీతో పొడవకు, షెడ్డులో కరగనిచ్చి కడుగు. ఉప్పు పోయేలా కడగడం ఏ రోజూ మానకు.

ఒక్క మాట మాత్రం ఎన్నడూ మరవకు. ఆయిల్ కారుతోందని అనుమానం వస్తే చెయ్యి పెట్టి వెతకొద్దు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ధార గ్లౌజునూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా చెయ్యే పోవచ్చు. అట్టముక్కతో చూడు. ఎవరికైనా అలా తగిలితే నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పు.

బ్లేడ్ తిరిగే చోటి హోస్‌లే ముందు పోతాయి. వాటికి సరిపడే కొత్తవి రెండు ముందే చేయించి, చివరలకు మూతలు పెట్టి క్యాబిన్‌లో ఉంచుకో.

నీ మేలు కోరే
పెదనాన్న