జింక మాంసం, చికెన్: ప్రోటీన్‌లో దాదాపు సమానం, తేడా అంతా ఇనుములోనే

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది: మీవారి ఆఫీసులో ఒకాయన వేటకు వెళ్లి, కొంత జింక మాంసం మీకు ఇచ్చారు. మీవారికి కొలెస్ట్రాల్ ఎక్కువ, మీకు రక్తం తక్కువ, ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. రోజూ వండుకునే చికెన్ బదులు ఇది తింటే మంచిదా అని అడిగారు.

మేం విస్కాన్సిన్‌లో ఉంటాం, మాడిసన్ దగ్గర. ఇక్కడ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీ వేట సీజన్. ఆ వారం ఆఫీసులో మీటింగ్ పెట్టినా వచ్చేవాళ్లు ఉండరు. సీజన్ అయ్యాక మా పక్కింటాయన తెల్ల కాగితంలో చుట్టిన పొట్లాలు తెచ్చి ఇస్తారు. అలా చాలా ఏళ్లుగా మా ఇంట్లో రెండూ వండుతున్నాం. నేను డైటీషియన్‌ని కాదు. కింద చెప్పే అంకెలు అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికలోవి, అన్నీ 100 గ్రాముల పచ్చి మాంసానికి. మిగతాది మా వంటింటి అనుభవం.

ముందుగా ప్రోటీన్, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. జింక మాంసంలో 23 గ్రాములు, తోలు తీసిన చికెన్ బ్రెస్ట్‌లో 22.5 గ్రాములు. క్యాలరీలు రెండింటిలోనూ 120. కొవ్వు అందులో 2.4 గ్రాములు, ఇందులో 2.6. అంటే బరువు తగ్గడానికో, జిమ్ కోసమో చికెన్ మానేసి జింక మాంసం తింటే కొత్తగా వచ్చేది ఏమీ లేదు. ఈ విషయం ఇక్కడితో వదిలేయవచ్చు.

మీవారి సంగతికి వద్దాం. "అడవి మాంసంలో కొలెస్ట్రాల్ ఉండదు" అని చాలామంది ధీమాగా చెబుతారు. అది నిజం కాదు. జింక మాంసంలో కొలెస్ట్రాల్ 85 మిల్లీగ్రాములు, చికెన్ బ్రెస్ట్‌లో 73. శాచురేటెడ్ ఫ్యాట్ కూడా జింకలోనే కాస్త ఎక్కువ, ఒక గ్రాముకు కొంచెం తక్కువగా ఉంటుంది. బ్రెస్ట్‌లో అర గ్రాము పైచిలుకు. రెండూ తక్కువే కాబట్టి భయపడేది ఏమీ లేదు. తిండిలోని కొలెస్ట్రాల్ కన్నా శాచురేటెడ్ ఫ్యాట్ ప్రభావమే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ మీద ఎక్కువ. అమెరికా ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ పరిమితిని 2015లో తీసేశారు కూడా. కానీ ఆయన ఇప్పుడు తినేది తోలు తీసిన చికెన్ అయితే, దాని బదులు జింక తినడం వల్ల ఆయన రిపోర్టు మారుతుందని ఆశపెట్టుకోకండి. ఆదివారం మటన్ బదులు తింటే మాత్రం తేడా ఉండొచ్చు.

నిజానికి నా ఉద్దేశంలో మనం పోల్చాల్సినదానితో పోల్చడం లేదు. జింక పోటీ పడేది కోడితో కాదు, మేకతో. కొవ్వు తీసిన మేక మాంసంలో క్యాలరీలు 109, ప్రోటీన్ 20.6, కొవ్వు 2.3 గ్రాములు, ఇనుము 2.8 మిల్లీగ్రాములు. జింకకు అన్నలాంటిదే. తేడా ఎక్కడొస్తుందంటే, షాపులో మనకు కొట్టి ఇచ్చే మటన్‌లో పక్కటెముకల మీది కొవ్వూ, తోకా, చర్బీ అన్నీ కలిసి వస్తాయి. కూర మీద తేలే నూనెలో సగం మనం పోసింది కాదు. జింకలో కండ మధ్య కొవ్వు దాదాపు ఉండదు. పైన పొరలా ఉండే కొవ్వు చల్లారితే మైనంలా గట్టిపడి అంగిలికి అంటుకుంటుంది. నీచు వాసన ఎక్కువగా దాని నుంచే వస్తుంది కాబట్టి వండేముందు ఎవరైనా దాన్ని కోసి పారేస్తారు.

ఇక మీ గురించి. తేడా అంతా ఇక్కడే ఉంది. జింక మాంసంలో ఇనుము 3.4 మిల్లీగ్రాములు. చికెన్ బ్రెస్ట్‌లో 0.4, తొడ మాంసంలో 0.8. బి12 విటమిన్ జింకలో 6 మైక్రోగ్రాములకు పైన, బ్రెస్ట్‌లో 0.2. మనిషికి రోజుకు కావాల్సింది 2.4. జింక్ అనే ఖనిజం కూడా చికెన్ బ్రెస్ట్‌కు మూడు రెట్లు. అంటే 150 గ్రాముల ముక్కలు తింటే మీకు 5 మిల్లీగ్రాముల ఇనుము అందుతుంది, అదే బ్రెస్ట్ అయితే అర మిల్లీగ్రాము పైన కొంచెం. మీ వయసు ఆడవాళ్లకు రోజుకు అమెరికా లెక్క 18 మిల్లీగ్రాములు. మన దేశపు వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో 29. మన భోజనంలో ఎక్కువ భాగం ధాన్యం, పప్పు, ఆకుకూరలే కాబట్టీ, వాటిలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది కాబట్టీ అంత పెట్టారు.

ఈ తేడాకు కారణం ఆ జంతువు బతికే తీరు. కండకు ఎరుపు రంగు ఇచ్చేది మయోగ్లోబిన్, అందులో ఇనుము ఉంటుంది. ఆగకుండా పనిచేసే కండకు ఆక్సిజన్ నిలవ కావాలి, కాబట్టి అది ఎక్కువగా ఉంటుంది. జింక రోజంతా తిరుగుతుంది, పరుగెడుతుంది. ఫారం కోడి రొమ్ము కండ రెక్కలు ఆడించడానికి ఉన్నది, ఆ కోడి ఎన్నడూ ఎగరదు. అందుకే తెల్లగా ఉంటుంది. అదే కోడి నడిచే కాళ్ల మాంసం కాస్త నల్లగా ఉంటుంది, ఇనుము కూడా రెట్టింపు. ఎగిరే పక్షులను చూస్తే ఇంకా తెలుస్తుంది: అడవి బాతు రొమ్ము మాంసంలో ఇనుము 4.5 మిల్లీగ్రాములు, జింక కన్నా ఎక్కువ. అడవి కుందేల్లో 3.2, ఫారంలో పెంచిన కుందేల్లో దానికి సగమే.

మాంసంలోని ఇనుములో చెప్పుకోదగ్గ భాగం హీమ్ ఇనుము, అది ఆకుకూరల ఇనుము కన్నా ఒంటికి బాగా పడుతుంది. ఇంకో లాభం ఏమిటంటే, అదే కంచంలో ఉన్న పప్పు, ఆకుకూరల్లోని ఇనుము కూడా మాంసంతో కలిపి తిన్నప్పుడు ఎక్కువగా ఒంటబడుతుంది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ గోంగూర దొరుకుతుంది కదా, జింకతో గోంగూర మాంసం చేయండి. పులుపు ఆ నీచు వాసనను కూడా అణిచేస్తుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, గంట ఆగండి.

నాకు కూడా ఒకప్పుడు ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష అంకె) బాగా తక్కువ ఉండేది. ఆ చలికాలం జింక మాంసం బాగానే తిన్నాను, ఫెర్రిటిన్ పెరిగింది. కానీ డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు కూడా అప్పుడే వేసుకున్నాను, కాబట్టి ఆ ఘనత జింకకు ఇవ్వలేను. మీకు మాత్రలు రాసి ఉంటే మానకండి. ఈ కూర దానికి తోడు మాత్రమే.

చికెన్‌ను మరీ తీసిపారేయకండి. నియాసిన్, బి6 విటమిన్లలో బ్రెస్టే ముందుంది. పిల్లలు మారాం చేయకుండా తింటారు, ఏడాది పొడవునా దొరుకుతుంది. తోలుతో వండితే మాత్రం లెక్క మారిపోతుంది. కాల్చిన బ్రెస్ట్ తోలు లేకుండా 165 క్యాలరీలైతే, తోలుతో 197, కొవ్వు రెట్టింపు. మన హైదరాబాద్ షాపుల్లో స్కిన్‌లెస్‌కు ఎక్కువ రేటు కట్టడం ఊరికే కాదు.

పట్టికలో కనిపించని సంగతులు రెండు ఉన్నాయి, నిజానికి మీ ఇంటికి ఆ అంకెల కన్నా ఇవే ముఖ్యం.

మొదటిది: ఆ మాంసం ఎవరు కోశారు, ఎలా కోశారు? పొట్లం మీద స్టీక్, రోస్ట్, బ్యాక్‌స్ట్రాప్ (వెన్ను వెంట ఉండే కండ) అని ఉంటే పైన చెప్పిన అంకెలు వర్తిస్తాయి. ఖీమా అయితే కాదు. జింకలో కొవ్వు లేక ఖీమా పొడిపొడిగా వస్తుందని, ప్రాసెసింగ్ షాపుల్లో పంది కొవ్వో, గొడ్డు కొవ్వో కలిపి రుబ్బడం మామూలు. నూటికి పది పాళ్లు కలిపినా 100 గ్రాముల్లో కొవ్వు 2.4 నుంచి 11 గ్రాముల దాకా పోతుంది. మీవారి కొలెస్ట్రాల్ సంగతి అలా ఉంచండి, గొడ్డు మాంసమో, పంది మాంసమో తినని ఇళ్లలో అయితే ఇది అసలు పెద్ద విషయం. అడగండి, మొహమాటపడకండి. మేం మా పక్కింటాయనకు "ఏమీ కలపకుండా రుబ్బించండి" అని ముందే చెప్పేశాం, ఆయన ఏమీ అనుకోలేదు. సమ్మర్ సాసేజ్, స్నాక్ స్టిక్స్ లాంటివి ఇచ్చి ఉంటే వాటిలో కొవ్వుతో పాటు ఉప్పు కూడా బాగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఒక ముక్కతో సరిపెట్టుకోవాలి.

రెండోది సీసం, ఇది పాప కోసం చెబుతున్నాను. చాలా తూటాల్లో సీసం ఉంటుంది. జంతువుకు తగిలినప్పుడు అది పగిలి, కంటికి కనపడని రేణువులుగా, గాయానికి అడుగు పైన దూరం దాకా కూడా చెదురుతుంది. 2008లో నార్త్ డకోటాలో దానంగా వచ్చిన జింక ఖీమాలో సీసం ముక్కలు కనపడితే, పేదలకు ఉచితంగా పంచే కేంద్రాలను దాన్ని ఇవ్వొద్దని ఆ రాష్ట్ర అధికారులు చెప్పారు. ఖీమాలోనే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే గాయం చుట్టుపక్కల తునకలన్నీ అందులోకే వెళ్తాయి. ఒక్కోసారి వేర్వేరు జింకల మాంసం కలిసిపోతుంది. చిన్న పిల్లలకు, గర్భిణులకు సీసం ఏ కొంచెమైనా మంచిది కాదు. కాబట్టి మాంసం ఇచ్చినాయన్ని ఒక్క మాట అడగండి: రాగి తూటానా, బాణంతో కొట్టారా, మామూలు సీసం తూటానా? సీసం అయితే పాపకు ఖీమా పెట్టకండి, మీరు కూడా వెనక కాలి రోస్ట్, బ్యాక్‌స్ట్రాప్ లాంటి పెద్ద ముక్కలే ఎంచుకోండి. పాపకు ఇనుము కావాలంటే మేక మాంసమో, కోడి కాలేయమో కాస్త పెట్టొచ్చు. ఆ ఒక్క పొట్లం కోసం రిస్క్ ఎందుకు?

యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లకు జింక అయినా, కోడి అయినా, మేక అయినా మితంగానే మంచిది.

ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక మాట. అక్కడ దుప్పి, కృష్ణజింక, కుందేలు, అడవి పంది ఏదైనా వేటాడినా, ఆ మాంసం దగ్గర ఉంచుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. "బలం" కోసం దొంగచాటుగా కొనేవాళ్లు జైలుకు వెళ్లే పని చేస్తున్నట్టే. ఇక్కడ అమెరికాలో కూడా వేటాడిన జింకను అమ్మకూడదు, ఇలా ఊరికే ఇవ్వొచ్చు అంతే. షాపుల్లో దొరికేది ఫారంలో పెంచింది. అదే ఎర్ర మాంసం, అదే ఇనుము కావాలంటే మన దగ్గర చట్టబద్ధంగా పెంచే కౌజు పిట్టలు ఉన్నాయి. తోలు తీసిన కౌజు మాంసంలో ఇనుము 4.5 మిల్లీగ్రాములు, చికెన్ బ్రెస్ట్‌కు పది రెట్లు.

వంట విషయం: కొవ్వు లేని మాంసం కాబట్టి చికెన్‌లా వేయిస్తే చెప్పు తోలులా అవుతుంది. తెల్లటి పొర మొత్తం ఒలిచేయండి, పెరుగు, అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి, తర్వాత మటన్‌కు పెట్టినట్టే కుక్కర్‌లో పెట్టండి. ముందు కాలి ముక్కలకు ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి. నూనె మాత్రం మటన్ కూర అంత పోయకండి. ఖీమా అయితే లోపల 160 ఫారెన్‌హీట్ డిగ్రీలు, చికెన్ అయితే 165 దాటాలి. ఎర్రగా సగం ఉడికిన స్టీక్ గర్భిణులకు పనికిరాదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం.

పొట్లం విప్పేముందు ఇంకొకటి కనుక్కోండి. జింకలకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది, విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, కానీ దానికి కారణమైన ప్రియాన్లు (ఆకారం చెడిన ప్రోటీన్లు) ఎంత ఉడికించినా చావవు కాబట్టి, ఆ జబ్బు ఉన్న ప్రాంతాల్లో వేటాడిన జింకకు పరీక్ష చేయించాలని, పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మా రాష్ట్రంలో ఈ పరీక్ష ఉచితం. మా పక్కింటాయన శాంపిల్ ఇచ్చి, రిజల్ట్ వచ్చాకే పొట్లాలు పంచుతారు. మీవారి కొలీగ్ ఇచ్చింది ఏ కౌంటీలో వేటాడిందో, పరీక్ష అయిందో లేదో మీవారిని ఒక మెసేజ్ పెట్టి అడగమనండి. ఆ జవాబు, తూటా జవాబు, ఖీమాలో ఏం కలిపారన్న జవాబు వచ్చాక ఇక్కడే రాస్తే ఏ పొట్లం ముందు వండాలో చెబుతాను.